మూడు ముక్కల గరిటె

"—మానితే అన్నం మాను, ఎవులొద్దన్నారు? అంతేగానీ నలుగురికి వండిన కూర గిన్ని అలగ ఒళ్ళో ఎట్టుకొని కూకుంటే మిగతావోలు ఏటి నాకాల, గరిటి నాకాలా?"

"నలుగురెక్కడున్నారే ఇంట్లో? నువ్వూ నానూ."

"నాకు ఇప్పుడొకసారి, రేపు సద్దికూట్లోకి ఇంకోసారి. నీకూ అంతే. నలుగురవలేదేటి?"

"నాకు సద్దికూడు లేదు గదే."

"లేదు గాబట్టే ఆ వాటా కూడా ఇప్పుడే తినీస్తన్నావు. అదెన్నో ముక్క?"

సీమోను నోట్లో ఉన్నదాన్ని నిదానంగా నమిలి మింగాడు. ఏ విషయంలోనూ అబద్ధం చెప్పడం ఆయనకు అలవాటు లేదు. ముక్కల విషయంలో అసలే లేదు.

"ఏడు," అన్నాడు.

"ఏడు!" అని ఏసమ్మ గోడవైపు తిరిగి అరిచింది. ఆ ఇంట్లో ఏ దెబ్బలాట జరిగినా ఆమె సగం మాటలు మొగుడితోనూ సగం గోడతోనూ చెబుతుంది. గోడకు అవతల జగ్గమ్మ ఉంటుంది. రెండెకరాల వరిచేను, ఇరవై కోళ్ళు, ఒక ఆవు, వినడానికి కావలసినంత తీరిక ఉన్న మనిషి.

"ఏటొదినా, ఏటయినాది?" అంది జగ్గమ్మ గోడ మీదుగా తల పెట్టి.

"సూడు! మీ అన్నియ్య అన్నం మానేసినాడంట. కోడిని మటుకు ఈకలతో సహా తినీసేలాగున్నాడు."

"ఆయ్, సుగరున్నోలు అలగే తింటారటొదినా. మా మేనత్త మొగుడూ అంతే తిన్నాడు."

"తిని?"

"పోయినాడు," అంది జగ్గమ్మ, తల దించేసుకుంటూ.

పాతపట్నంలో సీమోను తాపీమేస్త్రి. యాభయ్యారేళ్ళు. ఊళ్ళో ప్రహరీ గోడల్లో సగం ఆయన చేతివే. రాష్ట్రం సరిహద్దు దాటి పర్లాకిమిడిలో కూడా ఆయన కట్టినవి ఉన్నాయి. ఆయన ఇటుక పేర్చిన ఇళ్ళలో కాపురాలు వంకర పోయినవి ఉన్నాయి గానీ గోడలు పోలేదు. అయినా ఊళ్ళో, ముఖ్యంగా బాప్టిస్టు చర్చి వీధిలో, సీమోను పేరు నిలిచింది గోడల మీద కాదు. ముక్కల మీద.

చర్చిలో ఏటా కోత పండగ చేస్తారు. కొత్త ధాన్యం, గుమ్మడికాయలు, కోడిపెట్టలు, కందదుంపలు తెచ్చి దేవుడి ముందు పెట్టి, ప్రార్థన అయ్యాక ఆవరణలో వేలం వేస్తారు. ఆ పైన ప్రేమ విందు. ఇరవై రెండేళ్ళ కిందట ఒక ప్రేమ విందులో, అప్పుడు ముక్కలు వడ్డించే పెద్దమనిషి తన వియ్యాలవారి ఆకుల్లో అయిదేసి ముక్కలూ మిగతావాళ్ళ ఆకుల్లో ఉత్తి పులుసూ పోశాడు. రెండు బంతుల వాళ్ళు లేచి అడ్డాకు విస్తళ్ళు మొహాల మీద విసురుకున్నారు. సంఘంలో సగంమంది నాలుగు ఆదివారాలు ఒక ధాన్యం షెడ్డులో వేరే పాటలు పాడుకున్నారు. తిరిగి రావడానికి వాళ్ళు పెట్టిన షరతు ఒక్కటే. పాటలు ఎవరు పాడినా, ప్రసంగం ఎవరు చేసినా, ముక్కలు మాత్రం సీమోను వడ్డించాలి. రసమట్టం పెట్టి గోడ కట్టేవాడి చేతికి చుట్టరికం తెలియదని వాళ్ళ నమ్మకం.

అప్పటినుంచీ చట్టం ఒకటే. ఆకుకు మూడు. రెండు మెత్తవి, ఒకటి ఎముకది. మారు అడిగితే పులుసు. ఒకసారి విశాఖపట్నం నుంచి వచ్చిన పెద్ద పాస్టరు అయ్యగారు, మూడు పడ్డాక కూడా ఆకు ముందుకు జరిపి చిరునవ్వుతో చూస్తూ ఉండిపోయారు. సీమోను కూడా చిరునవ్వుతో చూస్తూ ఉండిపోయాడు. కాసేపటికి ఆకే వెనక్కి జరిగింది.

చట్టంలో ఇంకో భాగం ఉంది. వడ్డించేవాడు ఆఖరున తినాలి, అడుగున మిగిలింది తినాలి. సీమోను లెక్కకు ఎప్పుడూ ఏమీ మిగలదు. బంతులన్నీ లేచాక, అందరూ చేతులు కడుక్కుంటూ చూస్తుండగా, ఖాళీ డేగిసాలో రెండు గరిటెల అన్నం వేసి, అడుగున అంటుకున్న పులుసుతో కలిపి, అదే తిని, డేగిసాను నేలమీద బోర్లించేవాడు. అడుగున ఒక్క ఎముక కూడా టంగుమనదు. ఆ చప్పుడు లేకపోవడమే ఆయన ఆస్తి. దాన్ని వినడానికి ఏసమ్మ ఏటా బావి గట్టు దగ్గర నిలబడేది.

ఫిబ్రవరిలో చర్చి ఆవరణలోనే వైద్య శిబిరం పెట్టారు. సీమోనుకు సుగరు ఉందని తేలింది. డాక్టరు మాత్రలు రాసి, అన్నం తగ్గించమన్నాడు. తగ్గించడం సీమోనుకు చేతకాని పని. గోడ ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. తగ్గిన గోడని ఆయన ఎక్కడా చూడలేదు. ఆ మధ్యాహ్నమే అన్నం మానేశాడు.

మానేసి, పొద్దున్న రెండు చెంబుల చోడి అంబలి, అంటే రాగి జావ, తాగడం మొదలుపెట్టాడు. పదింటికి పనిలో ఉడకబెట్టిన చిలగడదుంపలు. మధ్యాహ్నం కందదుంప పులుసు, అన్నం బదులు కంద. సాయంత్రం రెండు మొక్కజొన్న పొత్తులు. "నాలుగు నెల్లయినాది, మెతుకు ముట్టలేదు," అని చర్చి మెట్ల మీద చెప్పుకున్నాడు. సుగరు కూడా ముట్టుకోనట్టే ఉంది. ఎక్కడిదక్కడే ఉంది.

కూతురు రూబీ శ్రీకాకుళంలో ఒక ఆస్పత్రిలో నర్సు. అరసవల్లిలో కాపురం. జూన్‌లో ఫోన్లో ఈ జాబితా అంతా వింది.

"నానా, అంబలి కూడా అన్నమే. కాకపోతే తాగుతావు. దుంప కూడా అన్నమే. కాకపోతే తవ్వుతావు."

"మరి సెప్పరేటి?"

"ఇప్పుడు సెప్పినాను గదా."

సీమోను అంబలీ దుంపలూ పొత్తులూ కూడా మానేశాడు. ఇక ఆయన ఆకులో మిగిలింది కూర. ఏసమ్మ పెళ్ళయిన దగ్గరనుంచీ కూరని అన్నానికి రంగు వేయడానికే వండుతోంది. మనిషికి రెండు గరిటెలు. ఆ రెండు గరిటెలకే గుండిగెడు అన్నం సాగాలి కాబట్టి అందులో కారం, పులుపు, ఉప్పు అన్నీ దానికి తగ్గట్టే ఉంటాయి. అన్నం లేకుండా సీమోను ఆ రెండు గరిటెలే తిని, నాలిక మండి, రెండు గ్లాసుల నీళ్ళు తాగి లేచిపోయేవాడు. మూడు నెలలు అలాగే లేచిపోయాడు.

తొమ్మిది కిలోలు తగ్గాడు. బుగ్గలు లోపలికి పోయాయి. చొక్కా కొక్కేనికి తగిలించినట్టు వేలాడింది. సంఘం వాళ్ళు ఆయన్ని అడక్కుండానే రెండు శుక్రవారాలు ఆయనకోసం ఉపవాస ప్రార్థన చేశారు. ఉపవాసమే ఆయన జబ్బని ఎవరికీ తట్టలేదు.

సెప్టెంబరులో పర్లాకిమిడిలో సీమోను ఒక మిఠాయి కొట్టు యజమాని ఇంటికి ప్రహరీ కడుతున్నాడు. పదకొండో వరస మీద తాపీతో సిమెంటు మాలు ఎత్తుతుంటే చెయ్యి వణికింది. ఏమీ కానట్టు ఇంకో నాలుగు ఇటుకలు పెట్టాడు. కిందికి దిగి చూస్తే వరస వేలెడు బయటికి వచ్చి ఉంది. ఎవరూ చూడలేదు. సీమోను మళ్ళీ పరంజా ఎక్కి ఆ వరసంతా పీకేశాడు. ఇంటికి వచ్చి, ముప్పయ్యేళ్ళలో మొదటిసారి, పెందరాళే పడుకున్నాడు.

ఏసమ్మ ఆ రోజే కూతురికి ఫోన్ చేసింది.

రూబీ వచ్చి తండ్రిని తీసుకెళ్ళి రక్తం, మూత్రం అన్నీ పరీక్ష చేయించింది. మొదట కిడ్నీలు. కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ ఉద్దానం ఉన్న జిల్లాలో ఆ కాగితం చూడకుండా ఏ నర్సూ తండ్రిని మాంసం తినమని చెప్పదు. కిడ్నీలు బాగున్నాయి. డాక్టరు మాత్ర సగానికి తగ్గించాడు. ఇంటికి తిరిగొచ్చాక రూబీ తండ్రిని గడపలో కూర్చోబెట్టింది.

"నానా, గోడలోంచి ఇటుక తీసీసినావు. ఆ బొక్కలో ఏటి పెడతావు?"

"ఇంకో ఇటుక."

"అన్నం తీసీసినావు. ఆ బొక్కలో ఏటెట్టినావు?"

సీమోను ఆలోచించాడు.

"టీ," అన్నాడు.

రూబీ తల పట్టుకుంది. నవ్వాలో తిట్టాలో తేల్చుకోలేక, రెండూ కాకుండా లెక్క మొదలుపెట్టింది. "గుడ్డులో ఆరు గ్రాముల ప్రొటీను ఉంటాది. దాన్నొక ఇటుక అనుకో. నువ్విప్పుడు అరవై కిలోలున్నావు. రోజుకి పది ఇటుకలు పడాల. పడకపోతే ఒళ్ళు తన గోడ తనే పీక్కొని తింటాది. నీ సేతుల్లో కండ ఎక్కడికెల్లిపోయిందనుకున్నావు? నువ్వే తినీసినావు."

ఏసమ్మ వంటింట్లోంచి అడిగింది. "పప్పో?"

"పప్పులో ఇటుకలున్నాయి, ఇసక కూడా ఉన్నాది, అంటే అన్నంలో ఉండే పిండి. రెండు గరిటెలు సాలు."

"ఉలవలో?"

"అదీ అంతే."

"అంబలో?"

"ఇసక."

"ఎండు సేపలు?"

"ఇటుకలే. గానీ వొట్టి ఉప్పు. బాగా నానబెట్టి కడిగి, వారానికొకసారి."

సీమోను చెవిమీది పెన్సిలు తీసి, సిమెంటు బస్తా కాగితం తిరగేసి, పది ఇటుకల గోడ గీశాడు. పొద్దున్న మూడు గుడ్లు, మూడిటుకలు. పదింటికి పనిలో గుప్పెడు వేయించిన వేరుశనగ గింజలు, ఒకటి. మధ్యాహ్నం అరచెయ్యంత చేప ముక్క, మూడు. మిఠాయి కొట్టు యజమాని దగ్గర రోజూ విరిచిన పాల ఛెనా ఉంటుంది, పంచదార కలపకముందే పిడికెడు తెచ్చుకుంటే రెండు. రాత్రికి గిన్నెడు పెరుగు, ఒకటి. చుట్టూ ఆకుకూరలూ బీరకాయలూ సొరకాయలూ ఎంత కావాలంటే అంత. గోడ నిండింది. చాలాకాలానికి తనకు అర్థమయ్యే వైద్యం దొరికిందని ఆయనకు అనిపించింది.

"మరి మన పండగ మూడు ముక్కలూ ఎన్ని ఇటుకలు?" అని అడిగాడు.

చర్చి విందుకు కిలోకి ముప్పై ముక్కలు కొట్టిస్తాడు సీమోను, కసాయి పక్కనే పీట వేసుకుని కూర్చుని. రూబీ మనసులో లెక్క కట్టి, "రెండు," అంది.

సీమోను కాగితం మూలన ఇంకో రెండు ఇటుకలు గీసుకున్నాడు.

కూర గిన్నె మీద ఏసమ్మ ఏడు ముక్కల దెబ్బలాట ఆ వారంలోనే జరిగింది. చేప దొరకని ఆదివారం, ఇటుకలు తగ్గాయని సీమోను కోడి కూర గిన్నె దగ్గరకు లాక్కున్న రోజది. మర్నాటికే ఏసమ్మ మెత్తబడింది. రెండు గిన్నెలు పెట్టింది. ఒకటి అన్నంలోకి తనకు, ఇంకోటి కారం సగం వేసి ఉత్తినే తినడానికి ఆయనకు. గుడ్లకి జగ్గమ్మతో వాడుక పెట్టుకుంది. నెల తిరిగేసరికి సీమోను చేతిలో తాపీ మళ్ళీ నిలబడింది. పదకొండో వరస, పన్నెండో వరస రసమట్టంలో బుడగ కదలకుండా పడ్డాయి.

అయితే ఈలోగా మాట జగ్గమ్మ గోడ దాటింది. గోడ దగ్గర ఏడు ముక్కలుగా బయల్దేరింది, కుళాయి దగ్గరకు చేరేసరికి ఒక కోడయ్యింది. చర్చి మెట్ల మీద పొట్టేలు తొడగా మారింది. సుగరు మందుగా రోజూ మాంసం తినమన్నారట, తినకపోతే చేతులు వణుకుతాయట, ముక్క కనబడితే సీమోను ఆగలేడట.

పండగ పది రోజులుందనగా స్టాన్లీ వచ్చాడు. సంఘానికి సెక్రటరీ, బళ్ళో మేస్టారు, ముప్పై ఏళ్ళు. పదేళ్ళ వయసులో ఒకసారి జబ్బుగా ఉన్న నాయనమ్మ పేరు చెప్పి నాలుగో ముక్క అడిగాడు. సీమోను "నాయనమ్మని తీసుకురా," అన్నాడు. స్టాన్లీ ఆ మాట మరిచిపోలేదు, మరిచిపోయినట్టు ఉంటాడంతే.

"మావా, ఈ యేడు నువ్వు కూర్చో. కుర్రోళ్ళు వడ్డిస్తారు."

"నాకేటి, కాళ్ళు పడిపోయినాయా?"

"కాళ్ళ గురించి కాదు మావా. నోటి గురించి."

వంటింట్లో గిన్నె చప్పుడు ఆగింది.

"ఏడు ముక్కలు తిన్నావట గదా," అన్నాడు స్టాన్లీ.

"నా ఇంట్లో, నా కోడి."

"కాదనలేదు. గానీ అయిదొందల నలభై ముక్కలు ముందెట్టుకొని నిలబడతావు. ఆఖర్న నువ్వే తింటావు. అన్నం నీకు పడదు. మరి ఆఖర్న ఏటి తింటావు, ఉత్తి డేగిసా తింటావా? అడుగున ముక్కలు దాసుకోకుండా ఎలగ ఉంటాడని అనుకుంటన్నారు జనం. నాననడం లేదు."

"జనమంటే ఎవులు?"

స్టాన్లీ పైకప్పు దూలాల వైపు చూశాడు. సీమోను కూడా చూశాడు. అవి తను వేసినవే.

"ఆ గరిటె మీరిచ్చిందే," అన్నాడు సీమోను. "తీసుకుందురు గాని. ఈ పండక్కి మటుకు నాను వడ్డిస్తాను. ఒక్క ఆకులో ఒక్క ముక్క తేడా వస్తే ఆ బంతిలోనే నీ సేతికిచ్చేసి ఎలిపోతాను. వచ్చే యేడు అడగను."

స్టాన్లీ వెళ్ళాక ఏసమ్మ బయటికి వచ్చి చెంగుతో మొహం తుడుచుకుంది. "నా నోరే. ఏడూ ఏడూ అని అరిసినాను."

"ఏడే గదా," అన్నాడు సీమోను.

పండగ నవంబరు ఆఖరి ఆదివారం. పొద్దున్న ఏడింటికి సీమోను మూడు గుడ్లు తిని మాత్ర వేసుకున్నాడు. ఏసమ్మ ఆయన చొక్కా జేబులో వేయించిన వేరుశనగ గింజల పొట్లం పెట్టింది. "పదింటికి మర్సిపోకు," అని రెండుసార్లు చెప్పింది.

పదింటికి సీమోను డేగిసా పక్కనే ఉన్నాడు. పద్దెనిమిది కిలోల మాంసం. ఒక్కో ముక్క కొట్టడం చూశాడు, పోపు వేయడం చూశాడు. జేబులోకి చెయ్యి పెట్టి పొట్లం విప్పి రెండు గింజలు నోటిదాకా తెచ్చాడు. అప్పుడు తలెత్తి చూస్తే ఆవరణలో నలభైమంది ఆయన నోటివైపే చూస్తున్నారు. దవడ కదిలితే చాలు. డేగిసా పక్కన నిలబడ్డవాడు నమిలేది వేరుశనగ గింజలని ఆ నలభైమందిలో ఒక్కడూ నమ్మడు. గింజలు మళ్ళీ జేబులోకి వెళ్ళిపోయాయి.

ఆరాధన పన్నెండుకు అవ్వాలి. ఆ యేడు పంట బాగా పండింది కాబట్టి పాస్టరు అయ్యగారు దేవునికి కృతజ్ఞతలు ఎకరాల వారీగా చెల్లించారు. ఖరీఫ్ అయ్యేసరికి ఒంటిగంట. తర్వాత వేలం. ఒక పెద్ద గుమ్మడికాయ మీద ఇద్దరు తోడల్లుళ్ళు పంతం పట్టి అరగంట పాడారు. ఇద్దరికీ గుమ్మడికాయ పడదు. మొదటి బంతి కూర్చునేసరికి రెండున్నర దాటింది. పదింటి ఇటుకా పడలేదు, మధ్యాహ్నం ఇటుకలూ పడలేదు. పొద్దుటి మాత్ర మాత్రం లోపల తన పని తను చేసుకుపోతోంది.

మొదటి బంతిలో అరవై ఆకులు. ఒక చివర రూబీ, ఏసమ్మ, వాళ్ళ పక్కన పిలిస్తే వచ్చిన జగ్గమ్మ. ఇంకో చివర అయ్యగారు, ఆ పక్కన స్టాన్లీ. అన్నం వడ్డించేవాళ్ళు ముందు వెళ్ళారు. సీమోను గరిటె ముంచాడు. రెండు మెత్తవి, ఒకటి ఎముకది. రెండు మెత్తవి, ఒకటి ఎముకది. ఆయన వెళ్ళిన ఆకు దగ్గరల్లా తలలు వంగి లెక్క పెట్టుకున్నాయి. ఇరవై రెండేళ్ళలో లేని లెక్క అది.

ముప్పయ్యో ఆకు దగ్గర చెమట పట్టింది. నలభయ్యో ఆకు దగ్గర గరిటె అంచు డేగిసాకు తగిలి చిన్నగా మోగింది. "తప్పుకో మావా, నాను పట్టుకుంటాను," అని డేగిసా మోస్తున్న కుర్రాడు అన్నాడు. సీమోను వినలేదు. యాభైతొమ్మిది అయ్యగారి ఆకు. మూడు. అరవై స్టాన్లీ. మెత్తది, మెత్తది, ఎముకది. గరిటె వెనక్కి తీస్తుండగా మోచేతి దగ్గరనుంచి వణుకు వచ్చింది. అంచున అంటుకుని ఉన్న ఒక మెత్తని ముక్క జారి, చక్కగా, ఎవరో పెట్టినట్టు, స్టాన్లీ అన్నం మీద కూర్చుంది.

నాలుగు.

స్టాన్లీ ఆకువైపు చూశాడు. ఇరవయ్యేళ్ళ కిందట అడిగిన ముక్క. దాన్ని కదపడానికి లేదు, ఆకులో పడింది ఎంగిలి. బంతి అంతా చేతులు ఆపేసింది.

"ఓలమ్మ, నాలుగు!" అంది అటు చివరనుంచి జగ్గమ్మ. ఆమె చూపు ఎప్పుడూ మంచిదే.

సీమోను గరిటె స్టాన్లీ చేతిలో పెట్టాడు. "మాటిచ్చినాను. తీసుకో," అన్నాడు. నడిచి బావి గట్టు దాకా వెళ్ళి అక్కడ కూర్చుండిపోయాడు.

రూబీ ఆకు వదిలేసి పరుగెత్తుకొచ్చింది. ఎడంచేత్తో సంచిలోంచి బెల్లంముక్క తీసి తండ్రి నోట్లో కుక్కింది.

"బెల్లమేటే? సుగరు గదా!" అన్నాడు సీమోను నోటినిండా.

"ఇప్పుడు సుగరు పడిపోయింది. మింగు ముందు. పొద్దుటినించి ఏటి తిన్నావు?"

సీమోను జేబు చూపించాడు. పొట్లం నిండుగా ఉంది.

"ఎందుకు తిన్లేదు?"

"అందరూ సూస్తన్నారు."

రూబీ లేచి నిలబడింది. నర్సులు వార్డులో చుట్టాలని బయటికి పంపించేటప్పుడు వాడే గొంతుతో, ఆవరణ అంతటికీ వినబడేలా చెప్పింది. "మీలో సుగరున్నోలు ఎంతమంది? సేతులెత్తండి!"

మొదట ఎవరూ ఎత్తలేదు. తర్వాత అయ్యగారు ఎత్తారు. తర్వాత తోడల్లుళ్ళు ఇద్దరూ. బంతిలోని అరవైమందిలో పందొమ్మిది చేతులు లేచాయి. ఎత్తిన చేతులన్నిటికీ అన్నం అంటుకుని ఉంది.

"మాత్రేసుకొని ఎనిమిది గంటలు తినకుండా గరిటి పట్టుకొని నిలబడండి. ముక్క జారిపోతాదో, ముక్కతో పాటు మీరే జారిపోతారో సూద్దాం."

ఈలోగా ఎదురు చాపల మీద రెండో బంతి కూర్చుంది. మొదటి బంతి వాళ్ళు కూడా లేవకుండా అక్కడే ఉండిపోయారు, ఏమవుతుందో చూద్దామని. స్టాన్లీ చెయ్యి కడుక్కొచ్చి గరిటె పట్టుకున్నాడు. ముంచితే అయిదు వచ్చాయి, రెండు వెనక్కి వేయబోతే నాలుగు జారి ఒక్కటే మిగిలింది. మూడో ఆకులో మూడూ ఎముకలే పడ్డాయి. నాలుగో ఆకు ఆయన భార్యది. అందులో ఎన్ని పడ్డాయో ఎవరికీ సరిగా కనబడలేదు గానీ, కనబడకపోవడమే అందరికీ కనబడింది.

"ఏటి సెక్రటరీగారూ, మాకు డొక్కలేనా?" అన్నాడు మూడో ఆకు ఎల్లాజీ.

"ధాన్యం షెడ్డు ఇంకా ఖాళీగానే ఉన్నాదిరా," అన్నాడు పక్కాయన, ఎవరితోనూ కాకుండా.

స్టాన్లీ డేగిసాలోకి చూశాడు, ముందున్న ఆకుల వరస చూశాడు. గరిటె డేగిసా అంచుకి తగిలించి బావి గట్టు దగ్గరకు నడిచాడు.

"మావా, రా."

"మాటిచ్చినాను గదరా."

"నాకిచ్చినావు. నానే సెప్తన్నాను, రా." గొంతు తగ్గించి అన్నాడు. "నాలుగు తిన్నాను. ఆ నాలుగోది మిగతా మూడిటిలాగే ఉన్నాది."

వెనకనుంచి అయ్యగారు కూడా పిలిచారు. ఏసమ్మ అరవకుండా ఉండడం చూసి జగ్గమ్మే ఆశ్చర్యపోయింది.

సీమోను లేచి నిలబడి కాళ్ళు సరిచూసుకున్నాడు. బెల్లం పని చేసింది, చెయ్యి నిలబడింది. జేబులోంచి పొట్లం తీసి, అందరూ చూస్తుండగా, గుప్పెడు వేరుశనగ గింజలు నోట్లో వేసుకుని, దవడ రెండువైపులా కదిలేలా పూర్తిగా నమిలి మింగాడు. డేగిసా దగ్గరకు వచ్చి గరిటె ముట్టుకోలేదు. రెండో బంతి మొదట్లో చాప మీద కొంచెం చోటు చేసుకుని కూర్చుని, ఒక అడ్డాకు విస్తరి తనముందు వేసుకుని నీళ్ళు చిలకరించాడు. అన్నం గుండిగ పట్టుకొచ్చిన కుర్రాణ్ణి చేత్తో ఆపాడు.

"గరిటె పడతాను," అన్నాడు. "గానీ ఈయేళ నుంచి వడ్డించేవోడు ఆఖర్న తినడు, ముందు తింటాడు. అన్నం లేదు. రెండు మెత్తవి, ఒకటి ఎముకది, అందరి కళ్ళ ముందర. అది తిన్నాకే బంతి మొదలవుతాది."